కూర్చోగలగడం

'ఆరోగ్యమే మహాభాగ్యం' అని వ్యాసరచన పోటీలలో మేము ఎన్నోసార్లు రాశాం. ఆ మాటకు అర్థం మాత్రం మా మిత్రుడొకడు కూర్చోలేకపోయిన దినాలలోనే మాకు బోధపడింది.

మా ఇద్దరిలో ఒకరిది తెనాలి, మరొకరిది బాపట్ల. మిత్రునిది రేపల్లె. ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాం. తిరుగు ప్రయాణంలో మాతో వచ్చిన అతడు, రైలులో చోటున్నా భట్టిప్రోలు, వేమూరు దాటి తెనాలి చేరేవరకు నిలబడే ఉన్నాడు. తరగతిలోనూ ఒక పక్కకు ఒరిగి కూర్చునేవాడు. మేము వేళాకోళం చేశాం. అతని ప్యాంటుకు చీము మరక కనిపించిన నాడు గాని మా నోళ్ళు మూతపడలేదు.

ఆ వ్యాధి పేరు పైలోనిడల్ సైనస్. లాటిన్‌లో 'వెంట్రుకల గూడు' అని అర్థం. 1880లో హాడ్జెస్ అనే అమెరికా వైద్యుడు పెట్టిన పేరిది. పిరుదుల నడిమి చీలికలో, తోకఎముక దగ్గర, రాలిన వెంట్రుకలు చర్మంలోకి చొచ్చుకుపోయి చీముగడ్డ కడుతుంది. సాధారణంగా యౌవనారంభం తర్వాతే వస్తుంది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో వేలాది అమెరికా సైనికులు దీనితో ఆసుపత్రి పాలవగా 'జీపు జబ్బు' అనే పేరు కూడా వచ్చింది. ఇదేమీ తెలియని మా మిత్రుడు, అది తన ఒక్కడి అవమానమనుకొని ఎనిమిది నెలలు కన్నతల్లికి సైతం చెప్పలేదు.

చివరకు శస్త్రచికిత్స జరిగింది. గాయాన్ని కుట్టకుండా లోపలినుంచి మానడానికి వదిలారు. వారాల తరబడి తండ్రి రోజూ కట్టు మార్చేవాడు. గాయం ఎంత మానిందో అందరూ అడిగారు. నిద్ర పడుతున్నదా, చదువు సాగుతున్నదా అని ఎవరూ అడగలేదు.

చర్మవ్యాధులున్న పిల్లల జీవన నాణ్యతను కొలవడానికి 1995లో బ్రిటన్ వైద్యులు 10 ప్రశ్నల పట్టిక ప్రచురించారని తర్వాత చదివాం. నొప్పి, సిగ్గు, స్నేహం, ఆట, చదువు, నిద్ర అందులో ఉన్నాయి. తోటివారి ఎగతాళి గురించీ ఒక ప్రశ్న ఉన్నది. ఆ ప్రశ్న చదివి మేమిద్దరం తలలు దించుకున్నాం. మా మిత్రుని వ్యాధిలో కొంత భాగం మేమే.

సోదర విద్యార్థులారా! ఇటువంటి బాధ ఉంటే దాచక పెద్దలకు చెప్పండి. కళాశాల పెద్దలకు మా విన్నపం ఒక్కటే: తరగతిలో నిలబడతానన్న విద్యార్థిని నలుగురిలో కారణం అడగకండి.

ఇప్పుడు మా మిత్రుడు రైలులో కిటికీ పక్కన కూర్చుంటాడు. అతనికి ఆ చోటు వదిలి మేము నిలబడతాం.