ఆలంపూర్ నుండి ఇల్లెందు దాకా

తుంగభద్ర ఒడ్డున ఉన్న ఆలంపూర్‌ను చాలామంది చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాల వల్ల ఎరుగుదురు. మా కుటుంబానికి మాత్రం ఆ ఊరంటే ముందుగా ఖబరస్తానే గుర్తుకు వస్తుంది. అక్కడ మా ముత్తవ్వ ఖబర్ ఉంది. ముత్తాత ఖబర్ లేదు.

మొన్న రంజాన్ పండుగ తరువాత వెళ్ళినపుడు, ఎనభై దాటిన మా ఫుప్పు ఆ కథ చెప్పింది. కరువు కాలంలో ముత్తాత బొగ్గు పనికని తూర్పు దిక్కు పోయాడు. కొన్ని నెలలు డబ్బులు అందాయి. తరువాత ఒక బాటసారి వచ్చి, గనిలో పైకప్పు కూలిందట అన్నాడు. తాను కళ్ళారా చూడలేదన్నాడు. ఏ గని, ఏ రోజు, మయ్యిత్ దొరికిందా అన్నది ఎవరికీ తెలియలేదు.

“మా దాదీ బతికినన్నాళ్ళూ గడప వైపే చూసింది బేటా. ఇద్దత్ పాటించలేదు, మళ్ళీ నికాహ్ మాట ఎత్తనీయలేదు.”

ఈ మాట నన్ను కలచివేసింది. ఆచూకీ లేని భర్తను ధర్మశాస్త్రం ‘మఫ్‌ఖూద్’ అంటుంది. పాత హనఫీ అభిప్రాయం ప్రకారం అతని సమవయస్కులు గతించేదాకా భార్య వేచి ఉండాలి. మాలికీ పండితులు నాలుగేళ్ళ గడువు చెప్పారు. 1930లలో మౌలానా అష్రఫ్ అలీ థానవీ స్త్రీల కష్టాన్ని గమనించి ఈ విషయంలో మాలికీ అభిప్రాయాన్ని స్వీకరించారు. 1939 ముస్లిం వివాహ రద్దు చట్టంలోనూ ఆ నాలుగేళ్ళే ఉన్నాయి. మా ముత్తవ్వకు ఆ వెసులుబాటు అందలేదు. ఈ పాఠాన్ని ఏళ్ళ తరబడి బోధించాను గాని, అది మా ఇంటి కథేనని ఎరుగను.

తరువాతి నెల ఇల్లెందు వెళ్ళాను. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఆ ప్రాంతంలోనే బొగ్గును గుర్తించారు. నిజాం రాజ్యంలో 1889లో తవ్వకం మొదలైంది కూడా అక్కడే. అందుకే ఆ ఊరికి బొగ్గుట్ట అనే పేరు. ముత్తాత అక్కడికే వచ్చాడని చెప్పలేను. వెదకడానికి నాకు తోచిన మొదటి చోటు అది. అస్ర్ నమాజు తరువాత స్థానిక పెద్ద ఒకరు ఖబరస్తాన్‌లో పేరు లేని పాత మట్టిదిబ్బలు చూపారు. “ఏ ఊరి బిడ్డలో అల్లాహ్‌కే ఎరుక” అన్నారు.

ఏ ప్రాణి ఏ నేలపై మరణిస్తుందో దానికి తెలియదని సూరె లుఖ్మాన్ చివర దివ్యఖుర్ఆన్ తెలుపుతోంది. కూలిన కట్టడం కింద మరణించిన విశ్వాసిని మహాప్రవక్త (సల్లం) షహీదుల్లో లెక్కించారు. ఆ దిబ్బలన్నిటి కోసం నిలబడి దుఆ చేశాను.

తిరిగివచ్చి ఒక నోటుపుస్తకంలో ముత్తాత పేరు, ముత్తవ్వ పేరు, ఫుప్పు చెప్పిన మాటలు రాసిపెట్టాను. పాఠకులారా! నేడు మన పిల్లలు గల్ఫ్‌కు, నగరాలకు పనికి పోతున్నారు. వారు ఎక్కడ, ఎవరి దగ్గర పనిచేస్తున్నారో రాసి ఉంచండి. మీ ఇంటి పెద్దలు బతికి ఉండగానే అడిగి తెలుసుకోండి. మరే ఇల్లాలూ గడప వైపు చూస్తూ ఆయువు గడపకూడదు.

బతుకుతెరువు కోసం వెళ్ళి మట్టిలో కలిసినవారందరినీ అల్లాహ్ మన్నించుగాక! ఆమీన్.