మడిచి కుట్టని అంచు

తుర్క్‌మెన్ తల్లులు చంటిబిడ్డ చొక్కా మీద ఎంత ఓపిగ్గా పూలు కుట్టినా, కింది అంచు మాత్రం మడిచి కుట్టేవాళ్లు కాదు. పోగులు అలాగే వేలాడుతుండేవి. అంచు మూసేస్తే బిడ్డ ఆయుష్షు కూడా అక్కడికే ఆగిపోతుందని భయం. లైబ్రరీ పుస్తకంలో ఈ సంగతి చదివాక చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.

కాస్పియన్ సముద్రానికి తూర్పున, కారాకుమ్ ఎడారి చుట్టుపక్కల గొర్రెల్నీ ఒంటెల్నీ మేపుకుంటూ తిరిగిన జనం వాళ్లు. తెక్కె, యోముత్ లాంటి తెగలు. ఉన్ని గుడారాల్లో కాపురం. ఆ ఎడారిలో బిడ్డకి జ్వరమొస్తే పరిగెత్తడానికి ఆసుపత్రి ఎక్కడిది? తల్లి చేతిలో ఉన్నవి సూదీ దారమే. చెడు దూరేది బట్ట తెరుచుకున్న చోటే అని మెడ చుట్టూ, చేతుల చివర దట్టంగా కుట్టేది. దారులన్నీ కాపలా కాసి, ఒక్క అంచు మాత్రం బిడ్డ ఎదగడానికి వదిలేది.

బట్టలకి మూడు మూలల గుడ్డసంచి ఒకటి కుట్టేవాళ్లు. దాని పేరు దోగా. ప్రార్థన అనే అర్థమున్న 'దుఆ' అన్న అరబీ మాటే అది. లోపల రాసిన ప్రార్థన మడిచి పెడతారు. ఇంకోటి అలాజా, అంటే నలుపూ తెలుపూ ఒంటె ఉన్ని పోగులు పేనిన తాడు. బిడ్డకీ కడతారు, ఒంటెకీ కడతారు.

మనకి మాత్రం ఇది కొత్తా? మా అవ్వ అక్క కూతురికి మొలతాడు కట్టింది, దర్గా నుంచి తాయెత్తు తెచ్చింది. అందులోనూ రాసిన కాగితమే. అదే వారం దగ్గరుండి టీకా కూడా వేయించింది. దిష్టి ఉందని నేను నమ్మను. కానీ ఆ ముడిలో ఉన్న బెంగ నిజం. దాన్ని మూఢనమ్మకం అని ఒక్క మాటతో కొట్టిపారేయడం నావల్ల కాదు.

2022లో యునెస్కో తుర్క్‌మెన్ సూదిపనిని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. పాత చొక్కాలు మ్యూజియం అద్దాల వెనక చేరాయి. పక్కన చీటీ మీద తెగ పేరు, కాలం, కొలతలు ఉంటాయి. కుట్టిన తల్లి పేరు చాలావాటికి ఉండదు. ఆ బిడ్డ బతికి పెద్దయిందో లేదో అసలే ఉండదు. చొక్కా పొట్టి అయిపోవాలనే కదా ఆమె కోరుకుంది!

అందుకే అలాంటి ఫోటో కనబడితే, నా చూపు పూలకంటే ముందు కింది అంచు మీదికి పోతోంది.