డ్రైవ్‌వే మీద పాచి

సియాటిల్ చుట్టుపక్కల ఇల్లు కొన్న తెలుగువాళ్లు మొదట్లో స్కూళ్ల గురించి, కిచెన్ గురించి మాట్లాడుకుంటారు. ఒక చలికాలం గడిచాక మాట పాచి మీదికి మళ్లుతుంది. ఏడాదికి పడేది సుమారు 37 అంగుళాల వాన. లెక్కకు మన కోస్తాలో పడేదాని కంటే ఎక్కువేం కాదు. కానీ ఇక్కడ అక్టోబరులో పట్టిన ముసురు ఏప్రిల్ దాకా వదలదు. దానికి తోడు డగ్లస్ ఫర్ చెట్ల నీడ. ఉత్తరం వైపు కాంక్రీటు నెలల తరబడి ఆరదు.

పాచికి నిజమైన వేళ్లుండవు. సన్నటి నూగుతో పట్టుకుని, నీళ్లు ఆకులతోనే తాగుతుంది. కాంక్రీటును తినేయదు గానీ తేమను పట్టి ఉంచుతుంది. పగుళ్లలోని ఆ నీరు గడ్డకడితే ఉబ్బి పగులును పెద్దది చేస్తుంది. ఇంటికి పెద్దవాళ్లొస్తే అంతకంటే ముందు భయం, జారిపడతారేమోనని.

ఎండ కాయగానే వీధంతా ప్రెషర్ వాషర్ల మోత. నాకా యంత్రం మీద పెద్ద గౌరవం లేదు. 3,000 పీఎస్‌ఐ ఒత్తిడి ధారను, సూదిలా కొట్టే ఎర్ర నాజిల్‌తో దగ్గరగా కొడితే పాచితో పాటు పైనున్న నున్నటి సిమెంటు పొర కూడా లేచిపోయి ఇసుక బయటపడుతుంది. గరుకు తేలిన చోట తేమ నిలుస్తుంది, పాచి మళ్లీ తొందరగా పడుతుంది. పైగా చారలు.

పాలకొల్లు నుంచి వచ్చిన మా నాన్నకు ఈ గొడవంతా వింత.

"బ్లీచింగ్ పౌడర్ చల్లి కొబ్బరి డొక్కతో తోమితే పోదటమ్మా? మన నూతి చప్టాకి అదే కదా చేసేవాళ్లం."

"పోతుంది నాన్నా. ఆ నీళ్లే ఎక్కడికి పోతాయన్నది గొడవ."

వీధి అంచున ఉన్న వాననీటి జాలీలో పడ్డ నీరు శుద్ధి కాకుండానే వాగుల్లోకి, సమ్మామిష్ సరస్సులోకి పోతుంది. ఇసాక్వా హేచరీకి సాల్మన్ చేపలు ఎదురీదుకుంటూ వచ్చేది ఆ సరస్సు మీదుగానే. కోహో సాల్మన్లు పట్టణపు వాగుల్లో చచ్చిపోవడానికి కారణం కారు టైర్ల అరుగుదలతో వచ్చే రసాయనమని 2020లో తేల్చారు. అంటే డ్రైవ్‌వే మీద దుమ్మూ మంచిది కాదు. జింకు కలిసిన పాచి మందులు చేపలకు మరీ చేటు.

డొక్క మాట మాత్రం నాన్నదే నిజం. రెండు మూడు రోజులు ఎండ కాసి పాచి పెళుసెక్కాక పారతో గీరితే అట్టు లేచినట్టు లేచి వస్తుంది. దాన్ని ఊడ్చి చెత్త డబ్బాలో వేశాక, సోడియం పర్‌కార్బొనేట్ పొడిని గోరువెచ్చని నీళ్లలో కలిపి పోసి, పావుగంట నాననిచ్చి గట్టి బ్రష్‌తో తోముతాం. ఆ నీటిని గడ్డిలోకే మళ్లిస్తాం.

నారింజ రంగు చుక్కలు కనిపిస్తే అవి పాచివి కావు. లాన్‌లో చల్లే పాచి మందులోని ఐరన్ సల్ఫేట్ గింజలు కాంక్రీటు మీద పడి తడిసిన తుప్పు మరకలు. వాటికి ఆక్సాలిక్ ఆసిడ్ వాడాలి, గ్లవ్స్ తప్పనిసరి. ఆయిలు మరక తాజాగా ఉంటే పిల్లుల కోసం అమ్మే మట్టి గుళికలు పోసి తొక్కితే చాలావరకు పీల్చేస్తాయి.

గోడ వారనున్న పాచిని మేం ముట్టుకోం. బెయిన్‌బ్రిడ్జ్ దీవిలోని బ్లోడెల్ రిజర్వ్‌లో పాచి తోటను టికెట్టు కొనుక్కుని మరీ చూస్తారు జనం! నడిచే దారి శుభ్రంగా ఉంటే చాలు. చెట్టు కింది కొమ్మలు కొట్టించి ఎండ పడనివ్వమంటున్నారు నాన్న. ఆగస్టులో ఆ పని పెట్టుకున్నాం.