ఎండలో ఏడ్చే పిల్లల్ని నమ్మండి

మా అక్క కూతురు ఎండలో పది నిమిషాలు నిలబడితే చాలు, చేతులు మండుతున్నాయని ఏడ్చేది. పైకి మచ్చ కూడా కనబడదు. బడిలో సాకు అన్నారు, ఊళ్లో దిష్టి అన్నారు. చివరికి చర్మం డాక్టరు రక్తపరీక్ష చేయించి ప్రోటోపోర్ఫిరియా అని చెప్పారు.

పెద్దవాళ్లకి ఎండ పడకపోవడం చాలాసార్లు మధ్యలో వచ్చేదే. డాక్సీసైక్లిన్ లాంటి మాత్రల వల్ల రావచ్చు, లూపస్ వల్ల రావచ్చు. తిండి తగ్గి తాగుడు పెరిగినవాళ్లకి పెల్లాగ్రా వస్తుంది. మెడచుట్టూ దండ వేసినట్టు నల్లబడుతుంది, నియాసిన్ విటమిన్ ఇస్తే తగ్గుతుంది.

పసితనంలోనే మొదలైతే పుట్టుకతో వచ్చిన జన్యులోపం ఉందేమో చూపించాలి. మా పాప జబ్బులో కిటికీ అద్దంలోంచి వచ్చే వెలుగు కూడా మండిస్తుంది, మామూలు సన్‌స్క్రీన్ పెద్దగా ఆపదు. జీరోడెర్మా అనే ఇంకో జబ్బులో రెండేళ్లలోపే ముఖం మీద మచ్చలొస్తాయి, చిన్నప్పుడే చర్మ క్యాన్సర్ రావచ్చు. అల్బినిజం ఉన్న పిల్లలకీ ఎండతో ముప్పే.

మనలో చాలామందిమి ఆశ్రమ పాఠశాలల్లో ప్రేయర్‌కి ఎండలో నిలబడి చదువుకున్నవాళ్లమే. ఇప్పుడు టీచర్లుగా, వార్డెన్లుగా ఉన్న అన్నలూ అక్కలూ, మండుతోందన్న పిల్లని నీడన నిలబెట్టండి. పొడుగు చేతుల చొక్కా, టోపీ వేసుకోనివ్వండి. చర్మం డాక్టరుకి చూపించండి. జై ఆదివాసీ.