రెండు కెమెరాలు, మా అమ్మ మొఖం

"టీచరమ్మా, కెమెరా కొనాలి. పాతదైతే తక్కువకొస్తది, కొత్తదానికి అప్పు జెయ్యాలి. ఏది కొనమంటారు?" అని అడిగే పిల్లలు ఏడాదికి ఒకరిద్దరైనా నా దగ్గరికొస్తుంటారు. సంఘాల్లో తిరిగే కుర్రోళ్లు, హాస్టళ్లలో ఉండి చదువుకునే ఆడపిల్లలు. ఫోను లేక కాదు. ఫోను అందరి చేతిలో ఉంది. అయినా కెమెరా కావాలి. ఎందుకో నాకు తెలుసు. ఊళ్లోకి పోతే మనల్ని "ఎవుర్రా నువ్వు, ఎవురి కొడుకువి" అని అడుగుతారు. మెడలో కెమెరా ఉంటే అదే నోటితో "ఏ పేపరు మీది?" అంటారు. ఆ రెండు ప్రశ్నల మధ్య ఎంత దూరముందో మనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. రెండు కెమెరాలు నా చేతుల్లో నలిగాయి. ఒకటి కెనాన్ 1000డి, 2008లో వచ్చింది. రెండోది అదే కంపెనీ 1300డి, 2016లో వచ్చింది. రెండూ కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం తక్కువ ఖరీదులో చేసినవే. 2008లో నేను ఒంగోల్లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. స్కాలర్‌షిప్పు ఎప్పుడొస్తుందా అని ఆఫీసు చుట్టూ తిరిగే రోజులు. కెమెరా ధర కనుక్కోవాలన్న ఊహ కూడా రాలేదు. ఉద్యోగం వచ్చాక 2013లో, పెళ్లిళ్లు తీసే ఒకాయన తన పాత 1000డి అమ్ముతుంటే కొన్నాను. 1300డి 2017లో వాయిదాల మీద తెచ్చుకున్నాను.

కెమెరాల కన్నా ముందు ఫొటోల సంగతి చెప్పాలి. మావాళ్ల ఫొటోలు ఎవరూ తియ్యలేదంటే అబద్ధం. తీశారు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా చేసిన ఎడ్గార్ థర్‌స్టన్ దొర దక్షిణదేశపు కులాల మీద 1909లో ఏడు సంపుటాలు అచ్చేశాడు. ఆ దొర మనుషుల ముక్కుల్నీ తలల్నీ పరికరాలు పెట్టి కొలిచాడు. ఆ పుస్తకాల్లో మాలల గురించి ఉంది, మాదిగల గురించి ఉంది. మిషనరీలూ తీశారు. 1878లో క్లవ్ దొర మిషను ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన ఒంగోలు ప్రాంతం మాది. ఆ మిషను పుస్తకాల్లో మావాళ్ల బొమ్మలు సముద్రాలు దాటిపోయాయి. కొన్ని కొలవడానికి తీసినవి, కొన్ని చందాలు అడగడానికి తీసినవి. మా ఇంటి గోడకి తగిలించుకోవడానికి మాత్రం ఒక్కటీ మిగల్లేదు. మా నాయనమ్మ ఫొటో లేకుండానే పోయింది. ఆమె మొఖం మా అయ్య గడ్డంలో కొంచెం, మా మేనత్త నవ్వులో కొంచెం కనపడుద్దంటారు. అంతే.

మా అమ్మ, అయ్యల పెళ్లి ఫొటో మాత్రం ఒకటుంది. టౌను నుంచి స్టూడియో ఆయన వచ్చాడు. పల్లెలోకి రాలేదు, చర్చి మెట్ల దాకా వచ్చి అక్కడే తీసి పోయాడు. ఆ ఫొటోలో మా అమ్మ తెల్లచీర కుచ్చిళ్లు లెక్కపెట్టొచ్చు. వెనక సున్నం గోడ మీద పగుళ్లు కూడా కనపడతాయి. మొఖాలు మాత్రం రెండు నల్ల మచ్చలు. మా అమ్మ ధైర్యం చేసి అడిగిందంట, "ఏందయ్యా మొఖాలు పళ్లేదు" అని. "మీ రంగే అంత, నేనేం జెయ్యను" అన్నాడంట ఆయన. ఆ మాట మా అమ్మ నమ్మింది. ముప్పై ఏళ్లు నమ్మింది.

అది రంగు సంగతి కాదు, లెక్క సంగతి. కెమెరాలో వెలుగుని కొలిచే మీటరుంటుంది. దానికి మనిషెవరో తెలవదు, గోడేదో తెలవదు. ముందున్నదంతా కలిపితే ఒక మధ్యరకం బూడిదరంగు అవ్వాలని దాని ఏర్పాటు. తన మీద పడ్డ వెలుగులో నూటికి 18 పాళ్లు తిప్పికొట్టే బూడిదరంగుని ఫొటోగ్రాఫర్లు దానికి కొలతగా పెట్టుకున్నారు. తెల్లచీర, సున్నం గోడ ఎదురైతే మీటరు "అబ్బో వెలుగు జాస్తి" అనుకుని తగ్గిస్తుంది. తగ్గిస్తే తెలుపు నిదానిస్తుంది, నల్ల మొఖం చీకట్లో పడుతుంది. ఇది తెలిసినవాడు మీటరు మాట వినకుండా ఒక మెట్టు వెలుగు పెంచుతాడు. ఆ స్టూడియో ఆయనకి పెళ్లికూతురు మొఖం కోసం ఆ మెట్టు ఎక్కాలనిపించలేదు, అంతే.

అమెరికాలోనూ ఇదే కథ. ఫిల్ము కడిగి ప్రింట్లు వేసే ల్యాబులకి రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ కంపెనీ ఒక కార్డు పంపేది. దాని మీద తెల్లామె బొమ్మ. మొదటి ఆమె పేరు షర్లీ, అందుకే అది షర్లీ కార్డు అయ్యింది. ఆ తెల్ల చర్మం సరిగా వస్తే అన్నీ సరిగా వచ్చినట్టే లెక్క. లోర్నా రోత్ అనే కెనడా ఆచార్యురాలు 2009లో దీని మీద పరిశోధన వ్యాసం రాసింది. ముదురు గోధుమ రంగులు తేడా తెలియకుండా వస్తున్నాయని కంపెనీకి గట్టిగా ఫిర్యాదు చేసినవాళ్లలో చాక్లెట్లు అమ్మేవాళ్లూ, చెక్క సామాను చేసేవాళ్లూ ఉన్నారంట. నల్లబిడ్డ మొఖం పాడైతే కదలని కంపెనీ చాక్లెట్టు కోసం కదిలింది. మన స్టూడియో ఆయన మాత్రం ఏం తక్కువ!

2017 డిసెంబరులో, క్రిస్మస్ ముందు ఆదివారం, రెండు కెమెరాలకీ ఒకే సాయంత్రం పరీక్ష పెట్టాను. మా అమ్మని తెల్లచీరలో గుమ్మం ముందు కూర్చోబెట్టాను. వెనక మళ్లీ సున్నం గోడే. కావాలనే. 1000డి మీటరు బొమ్మని 35 ముక్కలుగా చూస్తుంది. 1300డి మీటరు 63 ముక్కలుగా చూస్తుంది, రంగుని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఎనిమిదేళ్లలో 35 కాస్తా 63 అయ్యింది. మా అమ్మ మొఖం మాత్రం రెంటిలోనూ చీకట్లోనే ఉంది. కొత్తదాంట్లో పిసరంత నయం. రెండింటిలోనూ వెనకవైపు ఒక మీట ఉంటుంది, అది నొక్కి పట్టుకుని పైన చక్రం తిప్పితే వెలుగు పెరుగుతుంది. ఒక మెట్టూ పైన కొంచెం పెంచాను. వచ్చింది మా అమ్మ. 2008 కెమెరాలోనూ వచ్చింది, 2016 కెమెరాలోనూ వచ్చింది.

తిరకాసు ఇంకోటుంది. నల్ల మొఖం ఒక్కటే బొమ్మ నిండా పడితే మీటరు తిరగబడుతుంది. "చీకటి జాస్తి" అనుకుని వెలుగు పెంచేస్తుంది. మనిషి బూడిద పూసినట్టు తెల్లబడతాడు. హాల్‌టికెట్ల కోసం మా పిల్లలు తీయించుకొచ్చే ఫొటోలు చూస్తే కడుపు రగులుతుంది. స్టూడియో వాళ్లు కంప్యూటర్లో ఇంకో పూత పూసి ఇస్తారు. బిడ్డని ఎదురుగా పెట్టుకుని ఫొటోతో పోల్చి చూసే ఇన్విజిలేటరు "ఇది నువ్వేనా" అని అడుగుతాడు. అప్పుడు మీటరుకి ఎదురు తిరిగి వెలుగు తగ్గించాలి. ఎక్కడ పెంచాలో ఎక్కడ తగ్గించాలో ఏ తరం కెమెరా చెప్పదు.

మా అమ్మకి ఫొటో చూపించాను. 1000డి వెనక తెర రెండున్నర అంగుళాలు, చుక్కలు 2 లక్షల 30 వేలు. అందులో ఏ మొఖమైనా బాగున్నట్టే ఉంటుంది, ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే మసక. 1300డి తెర మూడంగుళాలు, చుక్కలు 9 లక్షల 20 వేలు. అక్కడికక్కడ కళ్లలో తడి కూడా కనపడుతుంది. ఇందులో మాత్రం కొత్తదానికి నా మార్కులు పూర్తిగా వేస్తాను. మా అమ్మ ఆ తెరని దగ్గరికి పెట్టుకుని శానాసేపు చూసింది. పొగాకు బేళ్ల దగ్గర గ్రేడింగు చేసి చేసి పసుపుబారిన వేలితో తన బుగ్గ మీద గీతని తడిమింది.

"అయితే ఆయన అబద్ధం జెప్పాడంటావా?" అంది.

ఎవరని అడగలేదు నేను.

రాత్రికి ఇంట్లో, ఒక్క బల్బు కింద, అసలు తేడా బయటపడింది. వెలుగుని పట్టే శక్తిని ఐఎస్ఓ అంకెల్లో చెబుతారు. 1000డి 1600 దగ్గర ఆగిపోతుంది. 1300డి 6400 దాకా పోతుంది. అంటే నాలుగింతలు. కెమెరాతో వచ్చే 18-55 లెన్సు జూమ్ చివర ఎఫ్ 5.6 కన్నా విప్పుకోదు. దాంతో పాతది సెకనులో 15వ వంతు తీసుకుంది. మా అమ్మ ఆ మాత్రం కదలకుండా ఉండే మనిషి కాదు, చేతులూ మొఖమూ చెదిరాయి. కొత్తది 60వ వంతులో తీసింది. మొఖం నిలబడింది. కానీ ఇసుక చల్లినట్టు గరుకు, చీకటి భాగాన్ని పైకి లేపబోతే చారలు. చీకటి భాగమంటే మా జుట్టూ మా చర్మమే గదా.

అప్పుడు పాతదానికి 50 ఎంఎం లెన్సు తగిలించాను. ఎఫ్ 1.8. కెనాన్ లెన్సుల్లో చవకరకం, ప్లాస్టిక్ బొమ్మలాగుంటుంది. ఎఫ్ 5.6 నుంచి 1.8కి వస్తే వెలుగు తొమ్మిదింతలు పైనే. 2008 నాటి కెమెరా అదే 1600 మీద 125వ వంతులో తీసిపడేసింది. కొత్త బాడీ ఇచ్చింది నాలుగింతలు, చవక లెన్సు ఇచ్చింది తొమ్మిదింతలు. అప్పు చేసేముందు ఈ లెక్క కట్టండి. పైగా ఆ లెన్సు రెండింటికీ సరిపోతుంది. ఒక ఇబ్బంది, కంటికి ఫోకస్ పడితే చెవి మసకవుతుంది. నలుగురు కూర్చున్న సమావేశానికి అది పనికిరాదు.

10 మెగాపిక్సెళ్లా, 18 మెగాపిక్సెళ్లా అని పిల్లలు తెగ మథనపడతారు. ఏ4 కాగితం నిండా మంచి ప్రింటు కావాలంటే 9 లోపే చాలు. సంఘం గోడపత్రికకి 10 బ్రహ్మాండం. దూరం నుంచి తీసి తర్వాత కత్తిరించుకోవాల్సిన పరిస్థితుల్లోనే 18 అక్కరకొస్తుంది. అలాంటి పరిస్థితులు మనకి తక్కువేం కాదనుకోండి. కొన్ని విషయాల్లో పాతదే మేలు. దాని ఫ్లాష్ కొత్తదాని కన్నా బలమైనది, రాత్రిపూట డప్పుల గుంపుని తీసినప్పుడు తెలిసింది. లోపల సెన్సారు మీద దుమ్ము దులుపుకునే ఏర్పాటు పాతదానికే ఉంది, కొత్తదాంట్లో మిగలబెట్టారు. మిరపకల్లాల్లో తిరిగేవాళ్లకి అది చిన్న సంగతి కాదు. వీడియో మాత్రం పాతదాంట్లో అసలు లేదు. కొత్తదాంట్లో ఉంది గానీ బయటి మైకు పెట్టుకునే రంధ్రం లేదు. మన ముసలమ్మల పాటలు దాచాలంటే గొంతుని ఫోనులో వేరే పట్టుకోండి.

2019లో మా పల్లె శ్మశానం దారికి ముళ్లకంచె పడింది. దారి పక్క పొలం ఆసామి రాత్రికి రాత్రి దున్ని కలిపేసుకున్నాడు. మర్నాడే మావాళ్లలో ఒక పెద్దాయన పోయాడు. పాడె కంచె దగ్గర ఆగింది. నేను పాతదాన్నే తీసుకుపోయాను, కొత్తది పోతే వాయిదాలు నేను కట్టాలి గదా! కంచె, నాగటి చాళ్లు, ఆగిన పాడె, పోసినా నిలవని నీడ. 43 ఫొటోలు. "గవర్నమెంటు ఉజ్జోగం జేసుకుంటా నీకెందుకమ్మా ఇయ్యన్నీ" అన్నవాళ్లున్నారు, మావైపు వాళ్లలోనే. ఆఫీసుకి పోతే అక్కడొకాయన కుర్రోళ్ల ఫోన్లలోని వాట్సాప్ ఫొటోలు చూసి, "ఇవి ఎప్పటివో ఎక్కడివో ఎవరికి తెలుసు" అని తోసేశాడు. వాట్సాప్‌లో పంపితే బొమ్మ కుంచించుకుపోతుంది, తీసిన తేదీ గంటల వివరం రాలిపోతుంది. నేను కార్డు తీసి బల్ల మీద పెట్టాను. అందులో కెమెరా పేరు, తేదీ, నిమిషం, వరస సంఖ్య అన్నీ ఉన్నాయి. సర్వేయరు వచ్చాడు. రాళ్లు పాతారు. మూడో నెలకి రెండు రాళ్లు మాయమయ్యాయి. మళ్లీ అర్జీ పెట్టాం. ఈసారి ఫొటోల్లో రాళ్లు కూడా ఉన్నాయి.

అందుకే కార్డు చెరపొద్దు. కోర్టు దాకా పోతే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ అడుగుతారు. పాత సాక్ష్యచట్టంలో అది 65బి సెక్షన్, 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో 63. కెమెరాలో తేదీ సరిగా పెట్టుకోండి. అత్యాచార నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో, ఆ కేసుల విచారణలన్నీ వీడియో తీయాలని 15ఎ సెక్షన్ పదో ఉపవిభాగం చెబుతుంది. అడగనిదే ఎవరూ తియ్యరు.

బొంబాయి మునిసిపాలిటీ పారిశుధ్య కార్మికుల్ని ఏళ్ల తరబడి తీసిన సుధారక్ ఓల్వే, తమిళనాడులో పాకీపని వాళ్ల బతుకుల్ని తీస్తున్న పళనికుమార్, వీళ్ల ఫొటోలు మా పిల్లలకి చూపిస్తాను. పదో తరగతిలో కన్ను, రంగుల పాఠం వచ్చినప్పుడు చూపిస్తాను. "ఇయ్యి సిలబస్‌లో ఉన్నాయా మేడం" అని ఒకడు అడుగుతాడు. ఉన్నాయనే చెబుతాను.

ఇప్పుడు రెండూ పాతవే. కంపెనీలు అద్దం లేని కెమెరాల వైపు పోయాయి. అందువల్ల ఈ రెండూ సెకండ్ హాండులో దొరుకుతాయి. నన్నడిగితే పాత బాడీ కొని మిగిలిన డబ్బుతో 50 లెన్సు కొనమంటాను. బేరం ఆడేటప్పుడు బ్యాటరీ చూడండి. రెంటికీ వేర్వేరు బ్యాటరీలు, ఒకదానిది ఇంకోదానికి పట్టదు.

నా 1000డి ఇప్పుడు నా దగ్గర లేదు. మొన్న పది పాసై ఇంటర్లో చేరిన ఒక పిల్ల దగ్గరుంది. మిరపకోతల్లో వాళ్ల నాయనమ్మని తీసుకొచ్చి చూపించింది. ఎర్రటి కాయల మధ్య నల్లటి మొఖం, కన్నుల కింద చెమట, అన్నీ తెలుస్తున్నాయి. "మీటరు వొద్దంది మేడం, నేనే పెంచినా" అంది. ఛార్జింగు గంట కూడా ఆగడం లేదంట, బ్యాటరీ ఒకటి చూడమంది. ఒంగోల్లో రెండు షాపులు తిరిగాను, దొరకలేదు. శనివారం గుంటూరు పోతున్నాను, అక్కడ చూడాలి.