నలభై అయిదు నిమిషాల దూరం

మాబోటి గుమాస్తాలకు దూరమంటే ప్రయాణభత్యం బిల్లులో ఒక గడి. బయలుదేరిన వేళ, చేరిన వేళ, నడుమ ఇన్ని కిలోమీటర్లు, అంతటితో సరి. గుడిబండెలో ఇన్నేళ్లుగా ఆ గడులు నింపుతున్న మాకు, మేనల్లుడు చెప్పిన ఒక ప్రయాణం మాత్రం ఏ గడిలోనూ ఇమడలేదు.

వాడు మారిషస్‌లో ఉద్యోగి. పనిమీద పక్క ద్వీపమైన రెయూనియన్‌కు పోయివచ్చాడు. ఇక్కడి శివసాగర్ రామ్‌గులాం విమానాశ్రయం నుండి అక్కడి రొలాన్ గారోస్ విమానాశ్రయానికి ఆకాశమార్గాన సుమారు 230 కిలోమీటర్లు. ‘‘మామా, కూర్చున్నామో లేదో దిగమన్నారు’’ అన్నాడు.

మేము కాగితం తీసి లెక్క కట్టాము. పంకాలు తిరిగే చిన్న విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్లు పోతుంది. అంటే 28 నిమిషాలు చాలాలి. కాని పైకి లేవడానికి, మెల్లగా దిగడానికి కలుపుకొని 45 నిమిషాలు పడుతుందట. ఇక మారిషస్ 1968లో స్వతంత్రమైన దేశం, రెయూనియన్ నేటికీ ఫ్రాన్సులో భాగం. కనుక పాస్‌పోర్టు చూపాలి. రెండు గంటల ముందే చేరాలి. ముప్పావు గంట ప్రయాణానికి సగం రోజు చెల్లు!

ఆ రెండు ద్వీపాలకూ మనవాళ్లు వెళ్లినది గోదావరి సముద్రంలో కలిసేచోటు నుండే. ఇంగ్లీషువారి కోరంగి రేవు నుండి మారిషస్‌కు, ఫ్రెంచివారి యానాం నుండి 1828 మొదలు రెయూనియన్‌కు చెరుకుతోటల కూలీలుగా పోయారు. కోరంగి, యానాం ఇరుగుపొరుగు ఊళ్లు. ఒకే యాస, ఒకే కష్టం.

మారిషస్‌లో వారిని కోరంగీలన్నారు. వారు 1947లో ఆంధ్ర మహాసభ పెట్టుకొన్నారు. బడిలో తెలుగు చెప్పించుకొన్నారు. అక్కడ ఉగాదికి దేశమంతా సెలవు. రెయూనియన్‌లో యానాం వారి సంతతి నోట క్రియోలు, ఫ్రెంచి తప్ప తెలుగు మిగలలేదు. విమానానికి 45 నిమిషాలైన ఆ దూరం భాషకు దాటరానిదయింది.

ఇది పరాయి ద్వీపాల కథ అనుకోవడానికి లేదు. మాకు హిందూపురం పక్షి ఎగిరే దారిన సుమారు 30 కిలోమీటర్లు. నడుమ సముద్రం లేదు, పాస్‌పోర్టు లేదు. మా చిన్నమ్మాయి అక్కడి అమ్మమ్మకు జాబు వ్రాస్తుంది. మాట తెలుగు, అక్షరం కన్నడం. రెండు లిపులూ అక్కచెల్లెళ్లే గనుక ఆవిడ కూడబలుక్కొని చదువుకొంటుంది, సంతోషిస్తుంది. కన్నడం మాకు అన్నం పెట్టిన భాష. దాని మీద మాకు ఫిర్యాదు లేదు. కాని రేపు ఆ పిల్ల బిడ్డలు ఏ మాటతో జాబు వ్రాస్తారు?

అందుకని మా ఇంట ఒక ఏర్పాటు చేసుకొన్నాము. దీపాలు పెట్టిన తరువాత 45 నిమిషాలు పిల్లలు తెలుగు అక్షరాలు దిద్దాలి, ఈ పత్రికలో ఒక పుట పైకి చదవాలి. గొణుగుతూనే కూర్చుంటున్నారు. పాఠకులు కూడా తమ ఇళ్లలో చేసి చూడండి. టిక్కెట్టు ఖర్చు లేదు.