చాతుర్మాసంలో గుర్రపు కొట్టం

తెలుగునాట శ్రావణమాసం పెళ్లిళ్ల కాలం. గుజరాత్‌లో మాత్రం తొలి ఏకాదశి నుంచి కార్తీక శుద్ధ ఏకాదశి వరకు సాగే చాతుర్మాసంలో సాధారణంగా ముహూర్తాలు పెట్టరు కాబట్టి, సూరత్‌లో పెళ్లికొడుకును మోసే గుర్రానికి ఆ నాలుగు నెలలూ పని ఉండదు; వానలూ అప్పుడే కనుక, అది చెమ్మ పట్టిన గోడల మధ్య నిల్వ గడ్డి నములుతూ గడపవలసివస్తుంది. 'వర్‌ఘోడో' అనే పెళ్లి ఊరేగింపులు మొదలయ్యాక గుర్రం దగ్గితే తప్పు బాణసంచా పొగ మీదికి పోతుంది గాని, జబ్బుకు బీజం చాలాసార్లు వానాకాలపు కొట్టంలోనే పడి ఉంటుంది.

పశువైద్యులు ఇప్పుడు 'ఈక్వైన్ ఆస్తమా', అంటే గుర్రపు ఉబ్బసం, అంటున్న ఈ జబ్బు ఎండుగడ్డి దుమ్ములోని బూజు బీజాలు శ్వాసనాళాలను వాపెక్కించడం వల్ల వస్తుంది. విశ్రాంతిగా ఉన్న గుర్రం నిమిషానికి 8 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తుంది. జబ్బు ముదిరినప్పుడు ఆ సంఖ్య పెరగడమే కాక, గాలిని బయటికి నెట్టడానికి పొట్ట కండరాలు కూడా శ్రమించి, పక్కటెముకల అంచు వెంబడి గాడి పడినట్టు ఒక గీత ఏర్పడుతుంది. పైగా గుర్రం నోటితో ఊపిరి తీయలేదు. గంటల తరబడి మేతలో ముంచి ఉంచే ఆ ముక్కే దానికి ఏకైక శ్వాసమార్గం.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్న సామెతకు తగ్గట్టు, యజమానుల శ్రద్ధంతా శనగలు, ఉలవల మీదే ఉంటుంది. కీడు చేసే గడ్డిని ఎవరూ పట్టించుకోరు. ఆ గడ్డిని అరగంట నీళ్లలో ముంచి, నీరు ఓడ్చి, వెంటనే వేస్తే దుమ్ము లేవదు. సూరత్ ఉక్కలో నానిన గడ్డి త్వరగా పులుస్తుంది కాబట్టి మిగిలినది పారవేయాలి. బూజు పట్టిన మోపును మాత్రం ఎంత తడిపినా వేయకూడదు. మేతను తలెత్తి అందుకునే వలలో కాక నేల మీద గాడిలో వేస్తే, తల వంచినప్పుడు కఫం దానంతటదే జారిపోతుంది.

పత్తి దుమ్ముతో ఛాతీ పట్టేసే బిస్సినోసిస్ అనే జబ్బున్న మిల్లు కార్మికుడికి సెలవులో హాయిగా ఉండి, మళ్లీ పనిలోకి దిగిన రోజున ఆయాసం తిరగబెడుతుంది. నేటి సూరత్ మరమగ్గాల మీద ఎక్కువగా నడిచేది పాలిస్టరే అయినా, తెలంగాణ నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన పద్మశాలి నేతగాళ్లకు ఈ పోలిక వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది: ఆరుబయట కట్టిన గుర్రం తేరుకుంటుంది, కొట్టంలోకి తెస్తే మళ్లీ డొక్కలెగరేస్తుంది. మందులు వాపును తగ్గిస్తాయి గాని దుమ్మును ఊడ్చవు.

ఊడ్చే వేళ కూడా ముఖ్యమే. గుర్రాన్ని బయట కట్టి, లద్దె, తడిసిన పరుపుగడ్డి ఎత్తి, దుమ్ము అణిగాకే లోపలికి తేవాలి. ఆ తర్వాత గుర్రపువాడు దాని ముక్కు ఎత్తుకు వంగి గాలి పీల్చి చూస్తే, మూత్రం నుంచి లేచే అమోనియా ఘాటు నిలబడ్డప్పటి కంటే అక్కడ బాగా తెలుస్తుంది.